సీ56 వెనకాల: కియోసాతో కొండల నుంచి క్వాయ్ నది దాకా

జపాన్ స్టీమ్ ఇంజిన్లంటే ఎవర్నడిగినా ముందు డీ51 పేరే చెప్తారు. వెయ్యికి పైగా తయారైన బండి కదా, ఇప్పటికీ ఏ ఊరి పార్కుకి పోయినా ఒకటి కనపడుతుంది. స్పీడు పిచ్చి ఉన్నవాళ్ళయితే సీ62 గురించి చెప్తారు, 1954లో గంటకి 129 కిలోమీటర్లు పరిగెత్తిందది. నాకు మాత్రం మొదట్నుంచీ సీ56 మీదే మనసు. 1935 నుంచి 1939 దాకా చేసిన చిన్న ఇంజిన్, పెద్ద లైన్ల కోసం కాదు, కొండల్లో పల్లెటూళ్ళకి పోయే బ్రాంచి లైన్ల కోసం చేసింది. జపాన్ రైల్వేకి 160 చేశారు. అందులో 1 నుంచి 90 దాకా నంబర్లున్నవన్నీ యుద్ధం టైములో, 1941-42లో, చక్రాలు కొంచెం దగ్గరికి జరిపి, ఓడలెక్కించి థాయ్‌లాండ్‌కీ బర్మాకీ పంపేశారు. మిగతావి ఇంటిపట్టునే ఉండి 1970ల దాకా పాలు, కూరగాయలు, బడి పిల్లల్ని మోశాయి. ఒకే క్లాసులో పుట్టిన బండ్లకి ఇలా రెండు వేరే వేరే బతుకులు. ఈ రెండు వైపులా ఒకే ట్రిప్పులో చూడాలని చాలా కాలంగా అనుకుంటున్నా, మా చిన్నాయన టోక్యోకి వచ్చేసరికి కుదిరింది.

చిన్నాయన గుంతకల్లు లోకో షెడ్డులో క్లీనర్‌గా చేరి, మీటర్‌గేజ్ వైజీ ఇంజిన్ల మీద ఫైర్‌మన్‌గా బొగ్గు ఎత్తి, తర్వాత డీజిల్‌కి మారి డ్రైవర్‌గా రిటైర్ అయ్యాడు. మా ఇంటికొచ్చాక డిస్నీలాండ్, స్కైట్రీ అన్నీ చెప్పా, ఓపిగ్గా విని "అవి పిల్లోళ్ళకి చూపించు నాయనా, బొగ్గు బండి యాడన్నా ఉంటే నాకు చూపీ" అన్నాడు. ఇంక నాకు కావాల్సిందేముంది. తిరుగు ప్రయాణం టికెట్లు బ్యాంకాక్ మీదుగా తీసుకున్నాం, ఎలాగూ నేనూ ఆయనతో పాటు ఇండియా వస్తున్నా కాబట్టి.

ముందు కియోసాతో. షింజుకు నుంచి కొబుచిజావా దాకా ఎక్స్‌ప్రెస్‌లో పోయి అక్కడ కోఉమి లైను బండి ఎక్కాలి. రెండు బోగీల డీజిల్ కారు, యాత్సుగాతాకే కొండల్ని చుట్టుకుంటూ ఎక్కుతుంది, జేఆర్ (ఇప్పటి జపాన్ రైల్వే కంపెనీల పేరు) లైన్లన్నింటిలో ఎత్తైన లైను ఇదే, కియోసాతో తర్వాత ఒక గేటు దగ్గర 1375 మీటర్ల ఎత్తుకి పోతుంది. ఒకప్పుడు ఈ లైను మీద సీ56లే తిరిగేవి, జనం వాటిని ముద్దుగా కొండల మీది పోనీ గుర్రం అని పిలుచుకునేవాళ్ళు. స్టేషన్ బయటికి రాగానే ఎదురుగా సీ56 149 నిలబడి ఉంది. నల్లగా, తక్కువ ఎత్తులో, చాలా సన్నగా. చిన్నాయన ఇంజిన్ ముందుకి పోలేదు, నేరుగా వెనకాలకి పోయి టెండర్, అంటే బొగ్గూ నీళ్ళూ మోసే వెనక డబ్బా, దాని దగ్గర నిలబడ్డాడు.

అసలు ఈ క్లాసు గొప్పతనమంతా ఆ టెండర్‌లోనే ఉంది. దీనికంటే ముందు 1932లో సీ12 అని ఒక ట్యాంక్ ఇంజిన్ చేశారు, బొగ్గూ నీళ్ళూ దాని ఒంటిమీదే ఉంటాయి, టెండర్ ఉండదు. పొట్టి లైన్లకి అది బాగానే ఉంది కానీ లైను పొడవు పెరిగితే నీళ్ళు చాలవు. అందుకని అదే బాయిలర్ తీసుకుని వెనక టెండర్ తగిలించారు, అదే సీ56. కానీ టెండర్ పెడితే ఇంకో చిక్కు. చిన్న బ్రాంచి లైన్ల చివర టర్న్‌టేబుల్ ఉండదు, ఇంజిన్ని తిప్పే దారి లేదు, వచ్చేటప్పుడు టెండర్ ముందుకి పెట్టుకుని వెనక్కి నడుపుకుంటూ రావాల్సిందే. మామూలు టెండర్ అయితే గోడలా అడ్డం నిలబడుతుంది, ముందు ఏముందో కనపడదు. అందుకే సీ56 టెండర్ పైభాగాన్ని రెండు పక్కలా లోపలికి కోసేశారు, బొగ్గు గది మధ్యలో ఇరుగ్గా ఉంటుంది, డ్రైవర్‌కీ ఫైర్‌మన్‌కీ ఆ పక్కల్నుంచి వెనక పట్టా కనపడుతుంది.

చిన్నాయన ఆ కోసిన అంచు వెంబడి చేత్తో గాల్లోనే గీత గీసి చూపించాడు. "వైజీని టెండర్ ముందుకేసి నడపాలంటే ఎట్లుండేదో తెల్సా రా, తల అంతా బయటికి పెట్టాల, గాలికి బొగ్గు పొడంతా కండ్లల్లోకే. వాన వస్తే ఇంక చెప్పల్యా. ఫైర్‌మన్ ఒకపక్క, డ్రైవర్ ఒకపక్క, సిగ్నల్ కనపడితే ఒకరికొకరు కేకలేసుకుంటా పోవాల. ఈ బండి గీసినోడెవడో ఒక్కరోజన్నా ఇంజిన్ మీద నిలబడిన మనిషే" అన్నాడు. నేను సీ56 గురించి చదివింది చాలా ఉంది గానీ ఆ టెండర్ కోత వల్ల ఒక మనిషి మెడకీ కళ్ళకీ ఎంత సుఖమో నాకు ఆ మాటతోనే అర్థమయ్యింది. క్యాబ్‌లోకి తొంగి చూస్తూ బాయిలర్‌లో నీళ్ళ మట్టం చూపించే గేజ్ గ్లాసు ఎక్కడుండాలో, నీళ్ళు ఎక్కించే ఇంజెక్టర్ ఎక్కడుండాలో వేలు పెట్టి చూపిస్తున్నాడు, చూపించిన చోటే ఉన్నాయి. జపాన్‌లో బండి నడపలేదు, భాష ముక్క రాదు, అయినా ఆ క్యాబ్ ఆయనకి సొంత ఇల్లు.

తర్వాత ఆ ఊళ్ళో పేరున్న పాల ఐస్‌క్రీం తిని, ఇంకో స్టేషన్ ముందుకి నోబేయామా పోయి వచ్చాం, జేఆర్‌లో అన్నిటికంటే ఎత్తైన స్టేషన్ అది. చలి, క్యాబేజీ తోటలు, పెద్దగా చెప్పడానికేం లేదు.

క్యోటోలో రైల్వే మ్యూజియం. ఇక్కడ 1914లో కట్టిన రౌండ్‌హౌస్, అంటే గుండ్రటి ఇంజిన్ షెడ్డు, ఇంకా అట్లాగే ఉంది, మధ్యలో టర్న్‌టేబుల్, చుట్టూ ఇరవై లైన్లు, ఒక్కో లైనులో ఒక్కో ఇంజిన్ ముఖం బయటికి పెట్టుకుని. 1972లో జపాన్ రైల్వేకి వందేళ్ళయిన సందర్భంగా స్టీమ్ ఇంజిన్లని ఇక్కడ ఒకచోట చేర్చారు. సీ56 160 ఇక్కడే ఉంది, క్లాసులో ఆఖరి నంబరు. ఇది 2018 దాకా బివా సరస్సు పక్కన టూరిస్టు బండిని లాగింది. డీ51, సీ62ల పక్కన నిలబెడితే మరీ చిన్నదిగా కనపడుతుంది. చిన్నాయన లోపలికి అడుగు పెట్టగానే గట్టిగా ఊపిరి పీల్చాడు. వేడి నూనె, తడి ఆవిరి, బొగ్గు మసి కలిసిన వాసన. గుంతకల్లు షెడ్డు వాసనే అని ఒకటికి పదిసార్లు అన్నాడు, మైకులో టైమైపోయింది అని చెప్పేదాకా కదల్లేదు.

వెనక్కి వచ్చేటప్పుడు షిజుఓకా వైపు దిగి ఓయిగావా రైల్వేకి పోయాం. చుట్టూ తేయాకు తోటలు, మధ్యలో నది, దాని పక్కన పాత ప్రైవేటు లైను, కనాయా నుంచి సెంజు దాకా 39.5 కిలోమీటర్లు. 2022 తుపానుకి దెబ్బతింది, మేం పోయినప్పటికి సగం దాకే నడుస్తోంది. మేం వెళ్ళింది సీ56 44 కోసం. 1 నుంచి 90 లోపు నంబరు కదా, ఇది కూడా పరదేశం పోయిన బండే. థాయ్‌లాండ్‌లో 735 నంబరుతో ముప్పై ఏళ్ళకి పైగా పనిచేసి 1979లో వెనక్కి వచ్చింది. మళ్ళీ చక్రాలు జపాన్ పట్టాల వెడల్పు 1067 మిల్లీమీటర్లకి జరిపి ఇక్కడ నడిపారు. ఆ తర్వాత థామస్ అనే పిల్లల కార్టూన్ పేరుతో నడిపే రైలు కోసం ఒళ్ళంతా ఎర్ర రంగు వేసి, ముందు మొహం పెట్టి జేమ్స్ అని పేరు పెట్టారు. పాత బండ్లంటే ప్రాణమిచ్చే వాళ్ళు కొందరికి ఇది నచ్చదు. నాకైతే ఇది మంచి పనే అనిపిస్తుంది, ఆ పిల్లలు టికెట్ కొంటేనే కదా బాయిలర్ రిపేరుకి డబ్బులొచ్చేది, అద్దాల గదిలో పెట్టిన పది బండ్ల కంటే నిప్పు మీదున్న ఒక్క బండి ఎక్కువ.

ఇంక టోక్యోలో మిగిలింది సీ56 31. ఇది యుద్ధాల్లో పోయిన జపాన్ సైనికుల్ని పూజించే యాసుకుని గుడి ఆవరణలో ఉన్న యూషూకాన్ మ్యూజియంలో ఉంది. యుద్ధ నేరస్తుల్ని కూడా అక్కడ పూజిస్తారని ఆ చోటు గురించి అక్కడా బయటా చాలా వాదం ఉంది, అందుకే చాలామంది అటు పోరు. ఇంజిన్ మాత్రం టికెట్ అవసరం లేని ముందు హాల్లోనే ఉంటుంది. 44తో పాటే 1979లో థాయ్‌లాండ్ నుంచి తెచ్చారు, తెచ్చింది అప్పట్లో రైల్వే రెజిమెంట్లలో పనిచేసిన పాత సైనికులు, డబ్బులు పోగేసుకుని. అద్దంలా తుడిచి పెట్టారు, రాడ్లు తళతళ. యుద్ధంలో జపాన్ సైన్యం థాయ్‌లాండ్ నుంచి బర్మాకి వేయించిన థాయ్-బర్మా రైల్వేకి 1943 అక్టోబర్ 25న జరిగిన ప్రారంభోత్సవంలో నిలబడింది ఈ బండే. బోర్డు మీదున్నది నేను చదివి తెలుగులో చెప్తూ పోయా, లైను పొడవు 415 కిలోమీటర్లు, అంతా కొండలు, అడవి, నదులు, పని మొదలుపెట్టింది 1942 మధ్యలో.

చిన్నాయన అక్కడ ఆపేశాడు. "పదహైదు పదహారు నెలల్లో నాలుగు వందల కిలోమీటర్లా? కొండల్లోనా? మిషన్లు ఉన్నాయా?" అన్నాడు. లేవు, చాలా మటుకు పారలూ గడ్డపారలూ సుత్తులే అన్నా. "మా కాడ పట్టా ఉన్న లైనుకే గేజ్ మార్చడానికి ఎన్నేండ్లు తీసుకున్యారో చూసినా నేను. కట్ట పోసినోళ్ళు ఎవురు రా మరి?" బోర్డులో బండి గురించి ఉంది, ప్రారంభోత్సవం గురించి ఉంది, తిరిగి తెచ్చినవాళ్ళ గురించి ఉంది. కట్ట పోసినవాళ్ళ గురించి నాకు ఒక్క ముక్క కనపడలేదు.

నాకు తెలిసింది నేను చెప్పా. ఆ లైనులో యుద్ధ ఖైదీలు అరవై వేల మందికి పైగా పనిచేశారు, బ్రిటిష్, ఆస్ట్రేలియా, డచ్, కొద్దిమంది అమెరికన్లు, అందులో పన్నెండు వేల మందికి పైగా చచ్చిపోయారు. సినిమాల్లో కనపడేది వీళ్ళే. కానీ వీళ్ళకి మూడింతలు, రెండు లక్షల దాకా ఆసియా కూలీలు ఉన్నారు, బర్మా వాళ్ళు, మలయా నుంచి తెచ్చిన తమిళులు, మలయ్‌లు, జావా వాళ్ళు, చైనా వాళ్ళు. వాళ్ళల్లో తొంభై వేల దాకా పోయారని ఒక అంచనా. మలయా రబ్బరు తోటల నుంచి తెచ్చిన వాళ్ళందర్నీ తమిళులు అని ఒకే గంపలో వేసేశారు గానీ అందులో మన తెలుగు వాళ్ళూ ఉన్నారు, శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి పోయి పేరాక్‌లో తోటల్లో స్థిరపడిన కుటుంబాలు. నా ఆఫీసులో మలేషియా తెలుగమ్మాయి ఒకామె ఉంది, వాళ్ళ ముత్తాత సయాం (థాయ్‌లాండ్ పాత పేరు) లైనుకి పోయి మళ్ళీ రాలేదు, ఇంట్లో ఫోటో కూడా లేదు. మేం ఆ లైను మీదున్న థాయ్ ఊరు కాంచనబురి పోతున్నామని తెలిసి ఒక్కటే అడిగింది, అక్కడ మన అక్షరాలు ఎక్కడైనా కనపడితే ఫోటో తీసి పంపమని.

బ్యాంకాక్‌లో దిగాక ముందు థోన్‌బురి షెడ్డు. థాయ్ రైల్వే నడిచే స్థితిలో ఉంచుకున్న స్టీమ్ ఇంజిన్లు ఇక్కడే ఉంటాయి. యుద్ధం అయ్యాక థాయ్‌లాండ్‌లో మిగిలిపోయిన సీ56లు 46, వాటికి 701 నుంచి 746 దాకా నంబర్లు ఇచ్చారు. అందులో 713, 715 ఈ షెడ్డులో ఉన్నాయి, జపాన్ నంబర్లలో అయితే సీ56 15, సీ56 17. చిన్నాయన ముందు పట్టా మీద పాదం పక్కన పాదం పెట్టి కొలిచి, "మీటర్‌గేజే! మన గుంతకల్లు గేజే రా ఇది" అని పొంగిపోయాడు. మన దగ్గర చాలా వరకు తీసేసిన గేజు ఇక్కడ దేశమంతా బతికే ఉంది కదా. జపాన్‌లో 1067 మీద తిరిగిన బండిని ఇక్కడి కోసం 1000 మిల్లీమీటర్లకి మార్చారు, అంటే ఒక్కో చక్రం లోపలికి మూడున్నర సెంటీమీటర్ల లోపే జరిగింది. క్యోటోలో చూసిన 160 తోబుట్టువే అయినా ఇది పూర్తిగా ఈ దేశం బండి అయిపోయింది. థాయ్ రైల్వేలో బొగ్గు బదులు కట్టెలు కాల్చేవాళ్ళు, ఆ మాట చెప్తే ఫైర్‌మన్‌కి కట్టెలంటే ఎంత చాకిరీయో, బొగ్గు అయితే పారతో పరిచి నిలబెట్టొచ్చు గానీ కట్టెలు వేసింది వేసినట్టే కరిగిపోతాయనీ చిన్నాయన చాలాసేపు చెప్పాడు.

పొద్దున థోన్‌బురి నుంచి నామ్‌టోక్ పోయే ప్యాసింజరు ఎక్కాం. ఏసీ లేదు, చెక్క సీట్లు, కిటికీలు తెరిచి ఉంటాయి, విదేశీయులకి వంద బాత్ టికెట్. నాంగ్ ప్లాదుక్ జంక్షన్ దాటాక మనం ఉన్నది ఆ లైను మీదే. మలయా నుంచి మూసేసిన గూడ్సు డబ్బాల్లో కుక్కి తెచ్చిన మనుషుల్ని ఇక్కడే బాన్ పోంగ్‌లో దింపి, అక్కణ్ణుంచి అడవిలోకి నడిపించారు. మూడు నెలల పని, రోజుకో డాలరు కూలీ అని చెప్పి తెచ్చారు, తర్వాత తర్వాత చెప్పడం కూడా మానేసి తోటల్లోంచి పట్టుకుపోవడమే. మూడు నెలలకి వెనక్కి పంపిన వాళ్ళు లేరు.

కాంచనబురిలో దిగి యుద్ధ ఖైదీల స్మశానానికి పోయాం, దాదాపు ఏడు వేల సమాధులు, ఒక్కోదానికి ఇత్తడి రంగు పలక, పేరు, వయసు, రెజిమెంటు, గడ్డి కూడా అంత శ్రద్ధగా కత్తిరించి ఉంది. ఇరవై రెండు, ఇరవై నాలుగు, ఇరవై ఒకటి, చిన్న పిల్లలు. చిన్నాయన చెప్పులు విడిచి నడిచాడు. పక్కనే ఉన్న థాయ్‌లాండ్-బర్మా రైల్వే సెంటర్ మ్యూజియం తప్పకుండా చూడాల్సింది, ఇక్కడ ఆసియా కూలీల సంగతి దాచలేదు. 1943 వానాకాలంలో పని తొందర పెట్టినప్పుడే కలరా వచ్చింది. ఖైదీల క్యాంపుల్లో కనీసం వాళ్ళ సైన్యం డాక్టర్లన్నా ఉన్నారు, నీళ్ళు కాచి తాగమని చెప్పేవాళ్ళు, పేర్లు రాసిపెట్టే ఆఫీసర్లు ఉన్నారు. తోటల నుంచి పెళ్ళాం పిల్లలతో వచ్చిన కూలీలకి ఎవరూ లేరు. అందుకే చచ్చింది వాళ్ళే ఎక్కువ, పేర్లు లేనిదీ వాళ్ళకే.

క్వాయ్ నది మీది బ్రిడ్జికి కొంచెం దూరంలో 1944లో జపాన్ సైన్యమే కట్టించిన స్మారక స్తంభం ఒకటి ఉంది, చాలామంది టూరిస్టులు చూడకుండానే పోతారు. దాని చుట్టూ గోడల మీద చనిపోయినవాళ్ళ భాషల్లో పలకలు పెట్టారు. తమిళం ఉంది. తెలుగు కోసం మేమిద్దరం గోడ గోడా చూశాం, లేదు. ఊళ్ళో వాట్ థావోర్న్ అనే గుడిలో కూలీల ఎముకలు పోగేసి ఉంచారు, అక్కడ 2023లో తమిళులు ఒక వీరగల్లు నిలబెట్టారు, వాళ్ళ పట్టుదలకి దండం పెట్టాలి. ఆ రాయికీ తమిళ పలకకీ ఫోటోలు తీసి ఆఫీసమ్మాయికి పంపించా. "మా వాళ్ళకీ అదే రాయి అనుకుంటాంలే అన్నా" అని మెసేజ్ పెట్టింది. మలేషియాలో చాలామంది తెలుగు వాళ్ళున్నారు, మన దేశంలో రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలున్నాయి, ఒక్క పలక పెట్టించడం ఎవరికీ బరువు కాదు, ఇది నేను గట్టిగానే అడుగుతున్నా, దీని గురించి తెలిసిన వాళ్ళు ఎవరైనా ఉంటే ముందుకి తీసుకుపోవాలి.

బ్రిడ్జి గురించి అందరూ రాస్తారు కాబట్టి పొడుగు చెయ్యను. వంపు తిరిగిన ఉక్కు స్పాన్లు అసలువి, జావా నుంచి ఊడదీసి తెచ్చినవి, మధ్యలో కోణాలుగా ఉన్న రెండూ బాంబులకి కూలిపోయాక యుద్ధం అయిన తర్వాత పెట్టినవి. స్టేషన్ పక్కనే 719 నిలబెట్టి ఉంది, సీ56 23. ఎండకీ వానకీ రంగు వెలిసింది, జనం దాని మీద ఆనుకుని ఫోటోలు దిగుతున్నారు, ఒకప్పుడు ఇది జపాన్ కొండల్లో బండి అని వాళ్ళల్లో ఎంతమందికి తెలుసో. చిన్నాయన మళ్ళీ టెండర్ దగ్గరికే పోయాడు. అదే కోత, కియోసాతోలో చూసిందే.

అన్నిటికంటే నాకు గుర్తుండిపోయేది మాత్రం ఆ తర్వాత వచ్చే వాంగ్ ఫో దగ్గరి చెక్క వంతెన. ఒకపక్క నిటారుగా కొండ, ఇంకోపక్క కింద నది, మధ్యలో కొండని అంటుకుని దుంగల మీద నిలబెట్టిన పట్టా. బండి మనిషి నడిచినంత మెల్లగా పోతుంది, దుంగలు కిర్రుమంటాయి. కిటికీలోంచి చెయ్యి పెడితే రాయి తగులుతుంది, ఆ రాయి మీద సన్నటి నిలువు గాట్లు, సుత్తీ ఉలీ పెట్టి బెజ్జాలు కొట్టి మందు పెట్టి పేల్చిన గుర్తులు. చిన్నాయన కిటికీలో తల పెట్టి ఆ గాట్లనే చూస్తూ కూర్చున్నాడు. "ఒక్కో బెజ్జానికి ఒక మనిషి ఉలి పట్టుకోవాల, ఇంకో మనిషి సుత్తి కొట్టాల" అని లెక్క చెప్పాడు, తర్వాత మాట్లాడలేదు. ఈ చెక్కల మీద ఎనభై ఏళ్ళ క్రితం సీ56 పోయింది, అది అంత తేలికైన బండి కాబట్టే ఇలాంటి కట్టడాల మీదికి పంపగలిగారు. పల్లెటూరి లైన్లు తట్టుకోవాలని బరువు తగ్గించి చేసిన ఆ మంచి గుణమే దాన్ని యుద్ధానికి పనికొచ్చేలా చేసింది. చేసిన ఇంజినీర్లు 1935లో ఇది ఊహించి ఉండరు.

లైను ఇప్పుడు నామ్‌టోక్ దగ్గర ఆగిపోతుంది, మొదటి 130 కిలోమీటర్లే మిగిలింది, అవతల బర్మా సరిహద్దు దాకా పట్టాలు పీకేశారు. కొంచెం ముందుకి పోతే సాయి యోక్ నోయి జలపాతం దగ్గర ఇంకో సీ56 నిలబెట్టి ఉంది. ఓపిక ఉంటే హెల్‌ఫైర్ పాస్ దాకా వ్యాను మాట్లాడుకుని పోవచ్చు, కొండని నిలువునా చీల్చిన దారి, ఆస్ట్రేలియా ప్రభుత్వం మ్యూజియం కట్టించి నడిచే బాట బాగా ఉంచింది, చిన్నాయన మోకాళ్ళ వల్ల మేం పైనుంచే చూసి వచ్చేశాం.

ఎవరైనా పోవాలనుకుంటే నవంబర్ చివర, డిసెంబర్ మొదట్లో కాంచనబురిలో బ్రిడ్జి ఉత్సవం జరుగుతుంది, ఆ రోజుల్లో 713, 715లని థోన్‌బురి నుంచి తెచ్చి బ్రిడ్జి మీద నిప్పుతో నడుపుతారు, ముందే డేట్లు చూసుకుని టికెట్లు తీసుకోండి. ప్యాసింజరులో పోయేటప్పుడు నామ్‌టోక్ వైపు ఎడమ పక్క కూర్చుంటే నది, కుడి పక్క కూర్చుంటే ఆ గాట్లున్న రాయి. జనమంతా ఎడమ పక్కకే ఎగబడతారు, కుడి పక్క సీట్లు ఖాళీగా దొరుకుతాయి.